నడుముకు రివాల్వరు - నలుగురికీ కనబడరాదు

పెళ్లి పందిట్లో వంగి తాంబూలం అందుకుంటున్న పెద్దమనిషి లాల్చీ కాస్త పైకి లేస్తుంది. నడుము దగ్గర రివాల్వరు పిడి తళుక్కుమంటుంది. చూసినవారు పక్కవారి చెవిలో వేస్తారు. ఆయన కూడా లాల్చీ సర్దుకోవడంలో పెద్దగా తొందర చూపడు. నలుగురి కంట పడాలనే గదా పెట్టుకు వచ్చింది! లైసెన్సు జేబులో ఉంది, ఇక ఎవరికి భయమన్న ధీమా ఆయనది.

లైసెన్సు ఉన్నా సరే, అలా కనబడటమే తప్పన్న సంగతి చాలామందికి తెలియదు.

కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ఆయుధ నిబంధనల్లో 32వ నిబంధన ఈ విషయం స్పష్టంగా చెబుతోంది. రివాల్వరు గాని, పిస్తోలు గాని నలుగురు తిరిగే చోటుకు తీసుకువెళ్లేవారు దానిని ఒంటికి తగిలించుకున్న ఒరలోనో, అటువంటి సంచిలోనో ఉంచాలి. అది పూర్తిగా కప్పబడి ఉండాలి. ఎప్పుడూ తన అదుపులోనే ఉండాలి. బయటికి తీసి ఆడించడం, గాలిలో పేల్చడం బొత్తిగా నిషేధం. అంటే చిన్న ఆయుధాన్ని దాచి తీసుకుపోవడం మన దేశంలో సరదా కాదు, చాటుమాటు వ్యవహారమూ కాదు. లైసెన్సుదారు విధిగా చేయవలసిన పని.

ఈ ఒక్క నిబంధన గుర్తుంచుకుంటే ఏ ఆయుధం కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. దాచలేనిది కొనడం దండగ. అయితే దాచడానికి వీలుగా ఉందని మరీ చిన్నది కొంటే, అక్కరకు వచ్చిన నాడు అది చేతిలో ఇమడదు, గురి కుదరదు. ఈ రెంటి మధ్యనే బేరం. లక్ష రూపాయలు పోసి కొన్న తరువాత ఈ సంగతి తెలిసి, బీరువాలో పడేసి తాళం వేసుకున్నవారూ ఉంటారు.

ముందు లైసెన్సు మాట

తుపాకీ ఉంచుకోవడం మన దేశంలో ప్రాథమిక హక్కు కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. జిల్లాల్లో కలెక్టరు, పోలీసు కమిషనరేట్లున్న చోట్ల కమిషనరు ఈ లైసెన్సులు ఇస్తారు. 21 ఏళ్లు నిండి ఉండాలి. దరఖాస్తుకు డాక్టరు సర్టిఫికెట్టు జతపరచాలి. ఒంటి ఆరోగ్యంతో పాటు మనసు కుదురుగా ఉన్నదీ లేనిదీ అందులో రాస్తారు. ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు కాగితం చూపాలి. ఇంట్లో భద్రంగా ఉంచుతానని పూచీ రాసివ్వాలి. దగ్గరలోని పోలీసు స్టేషను నుంచి నివేదిక వస్తుంది. ఊళ్లో తగాదాలున్నాయా, కేసులున్నాయా, తాగుడు అలవాటుందా అని విచారిస్తారు.

పంట కాపలాకు అడిగే తుపాకీకీ, నడుముకు పెట్టుకొనే రివాల్వరుకూ చట్టం పెట్టిన తేడా ఇక్కడే ఉంది. పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే తుపాకీ, ఆత్మరక్షణకు 20 అంగుళాలకు తగ్గని, లోపల గాడులు లేని నున్నని గొట్టం ఉన్న తుపాకీ అడిగే రైతు విషయంలో చట్టం కొంత సులువు చూపింది. రివాల్వరు, పిస్తోలు విషయంలో ఆ సులువు లేదు. నాకు ప్రాణభయం ఉంది అంటే చాలదు. ఎవరి వల్ల, ఎందువల్ల అన్నది అధికారికి నమ్మకం కలగాలి. మిల్లు సొమ్ము, యార్డు సొమ్ము చేతబట్టుకుని రాత్రిళ్లు తిరగవలసినవారు, సాక్ష్యం చెప్పినందుకు బెదిరింపులు వచ్చినవారు ఆ బెదిరింపుల గురించి ముందే పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకళ్లు దగ్గర పెట్టుకోవడం మంచిది. కాదంటే కారణాలు రాతమూలకంగా నమోదు చేయాలి. దాని మీద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

అన్నట్టు, అడవి పందుల బెడదకు రివాల్వరు కొందామనుకొనే రైతులు ఆ ఆలోచన మానుకోవడమే మేలు. అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని చంపితే కేసు వేరే అవుతుంది. అదీగాక ఉరికి వచ్చే పందిని మూడంగుళాల గొట్టంతో ఆపుదామనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

2019 డిసెంబరులో చట్టాన్ని సవరించారు. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకుల వరకు ఉంచుకోవచ్చు. ఇప్పుడు రెండే. మొదట ఒక్కటే చాలన్న ప్రతిపాదన వచ్చినా చివరకు రెండుకు ఒప్పుకున్నారు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ప్రతి లైసెన్సుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది లేని పాత లైసెన్సు పుస్తకం ఎంత భద్రంగా ఉన్నా చెల్లదు.

పావు కిలో నుంచి ముప్పావు కిలో దాకా

లైసెన్సు వచ్చాక దుకాణంలో ఏం దొరుకుతుంది? సినిమాల్లో చూసేవి దొరకవు. పోలీసులు, సైనికులు వాడే 9 ఎం.ఎం. పిస్తోలు మామూలు పౌరులకు నిషిద్ధం. విదేశీ పిస్తోళ్లను పౌరుల కోసం దిగుమతి చేసుకోవడం 1980 దశకంలోనే ఆగిపోయింది. అప్పటికే దేశంలో ఉన్న పాత విదేశీ సరుకు చేతులు మారుతూ వస్తోంది. దాని ధర వింటే ఎకరం కౌలు గుర్తుకు వస్తుంది. పేరు చూసి పాతది కొన్నవారికి విడి భాగాలు దొరకక పడే పాట్లు వేరు.

కనుక ఎక్కువమంది చూసేది .32 బోరు. అందులో రివాల్వర్లు, పిస్తోళ్లు రెండూ ఉన్నాయి. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారుచేసే .32 రివాల్వరు చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నదే. దీని గొట్టం మూడంగుళాలు. మొత్తం పొడవు ఏడంగుళాలు, అంటే జానెడు కూడా ఉండదు. ఆరు తూటాలు పడతాయి. నడిమికి విరిస్తే తెరుచుకుంటుంది, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలన్నీ ఒక్కసారే బయటపడతాయి. బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ.

2014లో కాన్పూరు కర్మాగారం నుంచి నిర్భీక్ అనే రివాల్వరు వచ్చింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరువాత, ఆడవారు చేతిసంచిలో పెట్టుకొనేందుకు వీలుగా అంటూ దీనిని తెచ్చారు. టైటానియం కలిసిన లోహంతో చేయడం వల్ల బరువు అర కిలోకు తగ్గింది. అప్పట్లోనే ధర లక్షా 22 వేల పైచిలుకు. ఆ ధర పెట్టగలిగిన ఆడవారు ఎందరన్న విమర్శ అప్పుడే వచ్చింది. కూలికి పోయి చీకటి పడ్డాక ఒంటరిగా ఇంటికి వచ్చే మహిళకు ఈ రివాల్వరు వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకా చిన్నది నిడర్. ఇది .22 బోరు. తూకం వేస్తే పావు కిలో. పొడవు ఐదున్నర అంగుళాలు. చొక్కా జేబులో వేసుకున్నా బరువనిపించదు. అయితే ఈ బోరు తూటాకు దెబ్బ తక్కువ. పైగా ఈ రకం తూటాలో మందు అంటుకొనే రసాయనం అంచు చుట్టూ ఉంటుంది. మధ్యలో ఉండే రకంతో పోలిస్తే ఇది పేలకుండా మొరాయించడం ఎక్కువ. చిన్నదని ముచ్చటపడి కొనేవారు ఈ సంగతి తెలుసుకుని కొనాలి.

ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబరులో ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ 2023లో ప్రబల్ అనే .32 రివాల్వరును విడుదల చేసింది. ఇది నడిమికి విరిగే రకం కాదు. తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. బరువు 700 గ్రాములు. 50 మీటర్ల దాకా గురి తప్పదని తయారీదారుల మాట. 50 మీటర్ల దూరంలో ఉన్నవాడి మీద ఆత్మరక్షణ పేరుతో కాల్పులు జరిపితే కోర్టు ఏమంటుందన్నది మరో మాట. ప్రాణం మీదికి వచ్చే గొడవలు నాలుగైదు బారల లోపే జరుగుతాయి. ప్రయివేటు రంగంలో కూడా ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో వెబ్లీ పేరుతో .32 రివాల్వరు తయారవుతోంది.

పిస్తోలు కోరుకొనేవారికి అశని ఉంది. ఇదీ .32 బోరే. బోరు అంకె ఒక్కటే గదా అని రివాల్వరు తూటాలు పిస్తోలుకు, పిస్తోలు తూటాలు రివాల్వరుకు వాడరాదు. రెంటి తూటాల కొలతలు వేరు. దుకాణంలో అడిగేటప్పుడు .32 తూటాలు అని ఊరుకోకుండా రివాల్వరువి అనో, పిస్తోలువి అనో చెప్పి, డబ్బా మీద రాసింది సరిచూసుకోవాలి.

ఏది మేలు?

రివాల్వరు లావుగా ఉంటుంది. తూటాల చక్రం నడుము దగ్గర బుడిపెలా పొడుచుకువస్తుంది. పిస్తోలు పలక మాదిరి, ఒంటికి అతుక్కుపోతుంది. దాచడం ఒక్కటే చూస్తే పిస్తోలుదే పైచేయి. కాని పల్లెటూరి మనిషికి, ఏడాదికి ఒకసారైనా సాధన చేసే వీలు లేనివారికి రివాల్వరే నయం. అందుకు కారణాలున్నాయి.

రివాల్వరులో తూటా ఉన్నదీ లేనిదీ తెరిచి చూస్తే కళ్లకు కనబడుతుంది. ఒక తూటా పేలకపోతే మీట మరోసారి నొక్కితే చక్రం తిరిగి రెండోది వస్తుంది. పిస్తోలులో అలా కాదు. తూటా మొరాయిస్తే పైనున్న స్లైడును వెనక్కి లాగి దానిని బయటికి పారేయాలి. అది రెండు చేతుల పని. వేళ్లలో బలం ఉండాలి. గాభరాలో ఆ పని చేయడం సాధన లేనివారికి సాధ్యం కాదు.

అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. పిస్తోలు పిడిలో ఉండే మ్యాగజైను తీసేశారు గనుక ఖాళీ అయిందనుకుంటారు. కాని గొట్టం వెనుక గదిలో ఒక తూటా అప్పటికే ఎక్కి కూర్చుని ఉండవచ్చు. ఖాళీదే గదా అని మీట నొక్కితే అది పేలుతుంది. తుపాకీ తుడుస్తుండగా పేలింది, పిల్లవాడికి చూపిస్తుండగా పేలింది అని వచ్చే వార్తల వెనుక ఇటువంటి పొరపాటే ఉంటుంది. ముందు మ్యాగజైను తీయాలి, తరువాత స్లైడు లాగాలి, ఆ తరువాత గదిలోకి తొంగి చూడాలి, వేలు పెట్టి తడిమి చూడాలి. వరస తప్పితే ప్రమాదం. ముందే స్లైడు లాగి, తరువాత మ్యాగజైను తీస్తే గదిలో తూటా మళ్లీ ఎక్కి ఉంటుంది.

రివాల్వరుకు ఉన్న లోపం మీట బిగువు. సుత్తిని వెనక్కి లాగి పెట్టుకోకుండా నేరుగా మీట నొక్కితే చాలా బలం కావాలి. నొక్కేటప్పుడు చేయి వణికి గొట్టం కిందికో పక్కకో ఒరుగుతుంది. గొట్టం పొట్టిది కావడం వల్ల చేతి దగ్గర గోరంత తేడా వచ్చినా దూరాన అది మూరెడు అవుతుంది. తేలికైన ఆయుధం చేతిని ఎక్కువగా తంతుంది కూడా. అర కిలోది మోయడానికి సుఖం, కాల్చడానికి కష్టం. ముప్పావు కిలోది మోయడం కష్టం, కాల్చడం నయం. అందువల్ల కొనేముందు దుకాణంలో చేతికి తీసుకుని చూడాలి. పిడి మీద మూడు వేళ్లూ ఆనుతున్నాయా, చూపుడు వేలి మొదటి కణుపు మీట దాకా అందుతోందా అన్నది చూసుకోవాలి. ఖాళీ రివాల్వరును గోడవైపు పట్టి మీట నొక్కితే గొట్టం ఎంత కదులుతోందో తెలిసిపోతుంది. దానికి ముందు అది నిజంగా ఖాళీదేనా అని తెరిచి చూపించమని అడగడానికి మొహమాటపడరాదు. చేతులకు కీళ్లవాతం ఉన్నవారు, అరవై దాటినవారు ఈ పరీక్ష చేయకుండా డబ్బు కట్టరాదు. తనకు సరిపోయిందని బావమరిది చెప్పింది తెచ్చుకుంటే, అది బావమరిది చేతికే సరిపోతుంది.

పంచెకట్టుకు పటకా ఏది?

ఒర లేనిదే రివాల్వరు తీసుకుపోరాదు. ఒర నిలవాలంటే నడుముకు వెడల్పాటి తోలు పటకా ఉండాలి. మన పల్లెల్లో పెద్దలు పంచె కడతారు. పంచె మీద కుచ్చిళ్లకు ముప్పావు కిలో ఇనుము వేలాడదీస్తే రెండడుగులకే జారుతుంది. లుంగీ సంగతి చెప్పనక్కర్లేదు. కొందరు లాల్చీ పక్క జేబులో పడేసుకుంటారు. ఆ జేబులోనే తాళం చెవులు, చుట్టల కట్ట, చిల్లర ఉంటాయి. చెవుల గుత్తి మీటలో ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పైగా జేబు ఒకవైపు దిగలాగి అందులో ఏముందో ఊరందరికీ చాటుతుంది.

పంచె కట్టేవారు పంచె లోపల పటకా పెట్టుకుని దానికి ఒర తగిలించుకోవచ్చు. పైన వదులైన లాల్చీ వేసుకుంటే కప్పబడి ఉంటుంది. ప్యాంటు వేసేవారికి ఈ ఇబ్బంది లేదు గాని, చొక్కా లోపలికి దోపుకొనే అలవాటు ఉంటే మానుకోవాలి. ఒర ఆ ఆయుధానికి కొలిచి కుట్టినదై ఉండాలి. మీట చుట్టూ ఉండే కమ్మీని పూర్తిగా మూసివేయాలి. పైన బొత్తాము పట్టీ ఉంటే మోటారు సైకిలు మీద గతుకుల్లో ఎగిరిపడదు. చొక్కా చాటున ఒర లేకుండా బొడ్డు దగ్గర దోపుకోవడం సినిమా చూసి నేర్చుకున్న అలవాటు. అలా దోపుకున్నవారి తొడలోకే గుండు దిగిన సందర్భాలున్నాయి.

ఆడవారు చేతిసంచిలో పెట్టుకుంటే ఆ సంచి ఎప్పుడూ భుజాన ఉండవలసిందే. బస్సులో పక్క సీటు మీద, పెళ్లింట్లో మంచం మీద పెట్టి పక్కకు పోతే ఆయుధం అదుపు తప్పినట్టే. సంచి లాక్కుపోయే దొంగకు డబ్బుతో పాటు రివాల్వరు కూడా దక్కుతుంది. ఆయుధం పోతే వెంటనే పోలీసులకు తెలపాలి. తెల్లారాక చెబుదాం, వెతికి చూసి చెబుదాం అనడం కుదరదు.

మరొకరి చేతికి ఇచ్చి పంపడం కూడా నేరమే. ఇవాళ తమ్ముడు బ్యాంకుకు పోతున్నాడు గదా, వాడి వెంట ఉంటుందిలే అని ఇవ్వరాదు. లైసెన్సులో ఎవరి పేరుంటే ఆయుధం వారిదే. లైసెన్సు జిల్లాకు పరిమితమా, రాష్ట్రమంతటికా, దేశమంతటికా అన్నది కూడా అందులో రాసి ఉంటుంది. జిల్లాకు పరిమితమైనది నడుముకు పెట్టుకుని పొలిమేర దాటి పక్క జిల్లా వియ్యంకుడింటికి పోతే, లైసెన్సు లేనట్టే లెక్క. లైసెన్సు షరతు మీరినందుకు ఆరు నెలల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు పోవడం దానికి అదనం. ఊరేగింపుల్లో, పెళ్లిళ్లలో గాలిలోకి పేల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెచ్చేవారికి 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పెట్టింది.

లైసెన్సు రాలేదని నాటు పిస్తోలు కొనేవారి సంగతి ఇంకా అన్యాయం. లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు శిక్ష పడుతుంది. అక్రమంగా తయారుచేసినవారికి, అమ్మినవారికి ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా ఉంది. నాటు గొట్టం పగిలితే ముందు పోయేది పట్టుకున్నవారి వేళ్లే.

అమెరికాలో చదివే కొడుకులు సెలవుల్లో ఇంటికి వచ్చి, అక్కడ ఎవరైనా పిస్తోలు పెట్టుకు తిరగవచ్చని చెబుతుంటారు. టెక్సాస్ రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్నవారు పర్మిట్టు లేకుండానే చేతి తుపాకీ తీసుకుపోవచ్చన్నది నిజమే. కాని విద్యార్థి వీసా మీద, తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడాన్ని ఆ దేశపు కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తోంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్నేహితుడి మాట విని కొన్న కుర్రవాడికి చదువూ పోతుంది, వీసా కూడా పోతుంది. తల్లిదండ్రులు ఈ ముక్క ఫోనులో చెప్పి ఉంచడం మంచిది.

పిల్లలున్న ఇల్లు

పగలు నడుముకు ఉన్న ఆయుధం రాత్రి ఎక్కడ ఉంటుంది? దిండు కింద అని చాలామంది చెబుతారు. పిల్లలున్న ఇంట్లో అంతకన్నా చెడ్డ చోటు లేదు. బీరువా పైన పెడితే ఎవరికీ అందదనుకోవడం కూడా భ్రమే. తాత బీరువా పైన ఏదో దాస్తాడని మనవడికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. స్టూలు లాక్కోవడం ఎంతసేపు? తూటాలు వేరు, ఆయుధం వేరు తాళంలో ఉంచాలి. తాళం చెవి మొలతాడుకు ఉంటే మేలు. అలా ఉంచితే దొంగ వచ్చినప్పుడు ఎలా తీయాలన్న ప్రశ్న వస్తుంది. నిజమే, తీయడం ఆలస్యమవుతుంది. దొంగ ఏళ్లకొకసారి వస్తాడో రాడో. మనవడు రోజూ ఇంట్లోనే తిరుగుతుంటాడు.

ఇంట్లో తాగుడు ఉంటే, భార్యాభర్తల నడుమ రోజూ రగడ ఉంటే, అప్పుల వల్లనో పంట పోయినందువల్లనో ఎవరైనా మనసు విరిగి ఉంటే ఆ ఇంట్లో ఆయుధం ఉండరాదు. ఈ మాట లైసెన్సుదారుకు ఎవరూ చెప్పరు. ఇంట్లో ఆడవారు చెబితే వినడు. అటువంటప్పుడు లైసెన్సున్న తుపాకీ దుకాణంలో గాని, పోలీసు స్టేషనులో గాని కొంతకాలం డిపాజిట్టు చేసుకొనే వీలుంది. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు.

కాల్చవచ్చా?

రివాల్వరు కొన్న ప్రతివారూ, తన మీదికి వస్తే కాల్చే హక్కు తనకు ఉందనుకుంటారు. ఉంది. అయితే ఆ హక్కుకు హద్దులున్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీనికి సంబంధించినవే. పాత శిక్షాస్మృతిలోని 96 నుంచి 106 వరకు ఉన్నవే ఇవి. చంపుతాడన్న, తీవ్రంగా గాయపరుస్తాడన్న, మానభంగం చేస్తాడన్న, ఎత్తుకుపోతాడన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడే ఎదుటివాడి ప్రాణం పోయేంత దెబ్బకు చట్టం ఒప్పుకుంటుంది. ఆస్తి విషయంలో దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం వంటివాటికే ఆ వీలు. ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు.

పొలం గట్టు తగాదాకు ఇది అన్వయించి చూసుకోవాలి. గట్టు నరికినవాడి మీద, నీరు మళ్లించుకున్నవాడి మీద రివాల్వరు తీస్తే ఆత్మరక్షణ కిందికి రాదు. కళ్లంలోంచి మిరపకాయల బస్తా ఎత్తుకుని పారిపోతున్న దొంగను వెనుకనుంచి కాలిస్తే అదీ రాదు. బస్తా ఖరీదు వేలల్లో ఉంటుంది. కేసు మాత్రం సెషన్సు కోర్టు దాకా పోతుంది, ఆ ఖర్చుకు పొలమే అమ్ముకోవలసి రావచ్చు. కేవలం బెదిరించడానికి తీశానన్నా ఒప్పుకోరు. 32వ నిబంధన ఉండనే ఉంది.

ఎన్నికలొస్తే అప్పగించాలి

పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఏ ఎన్నికల కాలమైనా లైసెన్సుదారులకు పోలీసు స్టేషను నుంచి కబురు వస్తుంది. జిల్లాలో అధికారుల స్క్రీనింగు కమిటీ లైసెన్సులను పరిశీలించి, బెయిలుపై ఉన్నవారు, నేర చరిత్ర ఉన్నవారు, గతంలో గొడవల్లో ఉన్నవారు ఆయుధాలు అప్పగించాలని నోటీసులిస్తుంది. నోటీసు అందాక ఆలస్యం చేస్తే కేసు. ఫలితాలు వెలువడిన వారం తరువాత తిరిగి ఇస్తారు. ఊళ్లో కక్షలు రగిలేది సరిగ్గా అప్పుడే గదా, మా రక్షణ ఎవరు చూస్తారన్న గోడు కొందరిది. ఎదుటివాడి నడుముకున్నది కూడా అదే రోజు స్టేషనుకు చేరుతుందన్నది వారికి దొరికే ఊరట.

ఇక తాతల నాటి ఆయుధాల సంగతి. లైసెన్సుదారు చనిపోతే ఆయన లైసెన్సు ఆయనతోనే పోతుంది. ట్రంకు పెట్టెలోని రివాల్వరు కొడుకుకు ఇల్లూ పొలం లాగా సంక్రమించదు. కర్మకాండ ముగిశాక చూద్దామని నెలల తరబడి ఇంట్లో ఉంచితే, పాపం ఏ ఎరుగని ఆ కొడుకు లైసెన్సు లేని ఆయుధం ఉంచుకున్నవాడవుతాడు. వెంటనే స్టేషనులోనో, లైసెన్సున్న దుకాణంలోనో డిపాజిట్టు చేసి, వారసుడిగా తన పేరున లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్దాయన బతికి ఉండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం తీసుకుని 25 ఏళ్లయినా వారసుడి పేరుకు మార్చుకొనే వీలును 2016 నిబంధనలు కల్పించాయి.

డిపాజిట్టు చేసినప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి. అందులో ఆయుధం నెంబరు, అప్పుడు అది ఉన్న స్థితి రాయించుకోవాలి. స్టేషను గదుల్లో చెమ్మకు తుప్పు పట్టి వచ్చిందన్న తగాదాలు తరువాత ఉండవు. తోలు ఒరలో పెట్టి ఇవ్వరాదు. తోలు చెమ్మను పీల్చుకుంటుంది. సన్నగా తుపాకీ నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి ఇవ్వాలి. కొబ్బరి నూనె రాస్తే చలికాలంలో గడ్డకట్టి మీట కదలదు. ఆయుధం అప్పగించి, తూటాలు అల్మారాలో మరచిపోయేవారూ ఉన్నారు. వాటికీ అదే చట్టం వర్తిస్తుంది గనుక, లెక్కపెట్టి అప్పగించి ఆ అంకె కూడా రసీదు మీద వేయించుకోవాలి.